మిర్చి గోడౌన్‌లో అంటార్కిటికా

“పై వరుస చదువమ్మా.”

“కనపడట్లేదండీ.”

“దగ్గరా, దూరమా?”

“దూరం. దక్షిణం కొసదాకా.”

కళ్లజోళ్ల షాపు తలుపుకు లోపలినుంచి గడియ పడింది. తెల్లకోటు వేసుకున్న మనిషి చేతిలోని టార్చి ఆర్పి, మామూలు గొంతుతో అన్నాడు.

“కూర్చో గోపికా. టైం లేదు.”

నరసరావుపేట కోర్టు ఎదురు సందులో ఆ షాపు పెట్టి నెలైనా కాలేదు. అందులో కళ్లు పరీక్షించే పుల్లారావుకు కళ్ల గురించి ఏమీ తెలియదు. ఆయన దేశ గూఢచారి విభాగంలో దక్షిణాది చీఫ్.

ఏజెంట్ గోపిక కుర్చీలో కూర్చుంది. బస్సులో పక్క సీట్లో ప్రయాణం చేసినవాళ్లకు కూడా దిగాక ఆమె ముఖం గుర్తుండదు. చిన్నప్పుడు దానికి బాధపడేది. ఇప్పుడు ప్రభుత్వం దానికే జీతం ఇస్తోంది.

గోడ మీద అక్షరాల బోర్డు ఆరిపోయింది. దాని స్థానంలో ఒక ఫోటో వెలిగింది. గాజు దూలంలా మెరుస్తున్న మంచు కడ్డీ.

“ఐస్ కోర్,” అన్నాడు పుల్లారావు. “అంటార్కిటికాలో మన సైంటిస్టులు డ్రిల్ చేసి తీశారు. ఇది అన్నిటికన్నా అడుగు ముక్క. ఓడరేవు నుంచి ల్యాబ్‌కు వెళ్లే దారిలో మాయమైంది. కంటైనర్ సీలు చెక్కుచెదరలేదు. లోపల ముక్క మాత్రం లేదు.”

“ఎవరి పని?”

“ఆరోరా అని ఒక విదేశీ దొంగల రింగ్. ముక్క పల్నాడులోనే ఉందని కబురు. చలి ఉన్న చోటల్లా వెతికించాను. ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లు, ఐస్‌క్రీమ్ గోడౌన్లు. ఎక్కడా లేదు.”

“ఒక మంచుగడ్డ కోసం ఇంత గొడవా సార్?”

“అది మంచుగడ్డ కాదు,” అంది మూలనుంచి ఒక గొంతు.

గోపిక ఉలిక్కిపడింది. గదిలో ఇంకో మనిషి ఉన్నట్టు ఆమె గమనించలేదు. అలా జరగడం చాలా అరుదు. జుట్టు ముడి వేసుకున్న ఒక నడివయసు స్త్రీ లేచి వెలుగులోకి వచ్చింది.

“డాక్టర్ సుకన్య,” అన్నాడు పుల్లారావు. “ముక్కను పైకి తీసింది ఈవిడే. సీలు కోడ్ తెలిసింది కూడా ఈవిడకే. అందుకే ఇక్కడ కూర్చోబెట్టాను. సాయంత్రానికి ఢిల్లీ టీమ్ వస్తుంది. అప్పటికి ముక్క దొరక్కపోతే ఈవిడను అరెస్టు చేస్తారు.”

సుకన్య ఆయన వైపు చూడలేదు. గోపికతోనే మాట్లాడింది.

“మీది ఎడ్లపాడు అట కదా. మిర్చి బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగున ఏముంటుంది?”

“ముందొచ్చిన పంట.”

“అక్కడ మంచూ అంతే. ఏటేటా పడుతుంది, కరగదు. కిందికి పోయేకొద్దీ పాతది. మేము తీసింది ఎనిమిది లక్షల ఏళ్ల నాటిది. దానిలో బుడగలున్నాయి. బుడగల్లో ఉన్నది అప్పటి గాలి. ఆ గాలి గురించి ఎవరో చెప్పిన మాట కాదమ్మా, ఆ గాలే. భూమి ఇంతకుముందు వేడెక్కినప్పుడు మంచు ఎంత కరిగిందో, సముద్రం ఎంత పైకొచ్చిందో, మన వానలు ఏమయ్యాయో ఆ లెక్క తేల్చడానికి అది కావాలి. ఎక్కడో దక్షిణ ధ్రువంలో జరిగేదానికీ మన బాపట్ల ఒడ్డుకూ, ఇక్కడి మిరపచేలకూ సంబంధం ఉంది. ప్రపంచమంతా దాని కోసం ఎదురుచూస్తోంది.”

“దొంగలకెందుకు?”

“ఏ తీరం మునుగుతుందో, ఏ దేశంలో వానలు తప్పుతాయో అందరికన్నా ముందు తెలిసినవాడు ఏం కొనాలో, ఏం అమ్మాలో కూడా ముందే తెలుసుకుంటాడు.”

ఆమె ఎడమ చేతి రెండు వేళ్ల కొసలు మొద్దుబారి, మైనంలా తెల్లగా ఉన్నాయి. గోపిక చూపు అక్కడ ఆగింది.

“చలి కాల్చింది,” అంది సుకన్య. “విపరీతమైన చలిని ఉత్త చేత్తో ముట్టుకుంటే చర్మం ముందు తెల్లబడుతుంది, తర్వాత బొబ్బలెక్కుతుంది. ఆ ముక్కను పైకి లాగేటప్పుడు గ్లవ్ చిరిగింది. అయినా వదల్లేదు. అలాంటిదాన్ని నేను అమ్ముకుంటానా?”

గోపికకు ఆమె మాట నమ్మాలనిపించింది. నమ్మాలనిపించేవాళ్లను ముందు అనుమానించాలని ఆమెకు నేర్పినవాడు పుల్లారావే.

ఆయన ఒక కళ్లజోడు చేతికిచ్చాడు. “థర్మల్ లెన్స్. వేడి ఎర్రగా, చలి నీలంగా కనపడుతుంది. ఆరోరాలో మన మనిషి ఒకతి ఉంది. సౌందర్య. ఎక్స్‌పోర్ట్ కంపెనీ మేడమ్ వేషం. ఎడ్లపాడు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నిన్ను కలుస్తుంది. ‘తేజానా, బాడిగా’ అని మిర్చి రకం అడుగుతుంది. ‘రెండూ కాదు, తెల్లది’ అను.”

“తెల్ల మిర్చి ఉండదు సార్.”

“అందుకే.”

*

“ఏమే గోపికా! ఢిల్లీలో ఆఫీసు ఉద్యోగమంటివి. ఇదేంది, తొడిమలు తియ్యటానికొచ్చావా?”

నాగులమ్మ గొంతుకు షెడ్డులో ఉన్న ఆడవాళ్లంతా తలెత్తారు. ఆమె గోపికకు మేనత్త. కోల్డ్ స్టోరేజీ ముందు రేకుల షెడ్డు కింద మిరపకాయలకు తొడిమలు తీసే ముఠాకు ఆమె పెద్ద.

“ఉద్యోగం పోయింది అత్తా,” అంది గోపిక నేల చూస్తూ.

“పోద్ది. నోరు లేనిదానికి ఢిల్లీలో ఎవురిస్తారే ఉద్యోగం! మనిషి ఎదురుగా నిలబడితే గోడతో మాట్టాడే పిల్లవి. కూకో. ముందు చేతులకి నూనె రాసుకో. కళ్లు మాత్రం ముట్టుకోమాక, చానా తిప్పలు పడతావ్.”

పాత చీర, తలకు తువాలు, చేతులకు నూనె. ఇంతకన్నా మంచి మారువేషం ఏ దేశపు గూఢచారికీ దొరకదు. షెడ్డుకు ఆనుకుని కళ్లం. ఎర్రటి కాయలు ఎండలో పరిచి ఉన్నాయి. కళ్లం అంచున ఆడవాళ్ల చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి.

కాసేపటికి మంచినీళ్ల నెపంతో గోపిక లేచి మొదటి ఛాంబర్‌లోకి జారుకుంది. లోపల కూరగాయల ఫ్రిజ్‌లో ఉన్నంత చలి. కప్పుదాకా పేర్చిన టిక్కీలు, అంటే మిర్చి కుక్కిన గోనె బస్తాలు. ఆమె థర్మల్ కళ్లజోడు పెట్టుకుంది.

మొత్తం నీలం. నేల నీలం, కప్పు నీలం, బస్తాలన్నీ నీలం. లక్షలు పోసి చేయించిన పరికరం. దాన్ని తయారుచేసినవాడు కోల్డ్ స్టోరేజీలో అడుగుపెట్టి ఉండడు.

కళ్లజోడు తీసేసింది. అప్పుడు కనపడ్డాడు. వరసల మధ్య ఒక ముసలాయన ఒక్కో టిక్కీ మీద అరచెయ్యి ఆనించి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి, తర్వాతదానికి వెళ్తున్నాడు. దేన్నో వెతుకుతున్నాడు.

“ఎవురది?” అతను గిర్రున తిరిగాడు. భుజాన హమాలీల ఇనుప కొక్కెం. “ఏంది పిల్లా, ఛాంబర్లో పనేంది నీకు?”

“చల్లగా ఉందని వచ్చా. నువ్వేం వెతుకుతున్నావు మావయ్యా?”

“ఎతకటవేంది? తడి చూస్తన్నా. చెమ్మ తగిలిన టిక్కీ బయటికి లాగి ఎండబొయ్యాల్సిందే. ఒకటి బూజు పట్టిందా, లాటంతా నాశనం. మేస్త్రి బాలకోటయ్యని అడుగుతన్నావు, తెలుసా? నడువ్ బయటికి.”

మాట బాగానే ఉంది. అయినా ఆమె బయటికి వచ్చేదాకా అతని చూపు ఆమె వీపు మీదే ఉంది. గోపిక అతని పేరును మనసులో అనుమానితుల వరసలో చేర్చింది. ఆ వరసలో ఇప్పటికే సుకన్య ఉంది. గేటు దగ్గర ఊరికే ఫోన్ చూసుకునే మేనేజర్ ఉన్నాడు.

అంతలో ఒక తెల్లకారు వచ్చి ఆగింది. దిగిన మనిషిని చూసి షెడ్డులో తొడిమలు తీసే చేతులు ఆగిపోయాయి. నీలం సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు, చేతులకు పల్చటి గ్లవ్స్.

“సినిమా షూటింగేమోనే,” అంది ఎవరో.

ఆమె గోపిక ముందు ఆగి రెండు కాయలు తీసి చూసింది. “ఇది తేజానా, బాడిగా?”

“రెండూ కాదు. తెల్లది.”

“ఈ అమ్మాయిని కాసేపు తీసుకెళ్తాను,” అంది సౌందర్య నాగులమ్మతో. “ఇంకో గోడౌన్‌లో సరుకు చూడాలి. సాయం కావాలి.”

“తీసకపోమ్మా. దానికి నోరు లేదు, నీకే ఇబ్బందీ ఉండదు.”

*

కొండవీడు ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఎక్కి కారు కోట గోడ దగ్గర ఆగింది. ఎండకు జనం ఎవరూ లేరు. రాళ్ల మీదినుంచి వేడిగాలి కొడుతోంది.

“సరుకు మాచర్ల రోడ్డున పోతోంది,” అంది సౌందర్య. “ఈ మధ్యాహ్నమే. కృష్ణ దాటించి తెలంగాణలోకి. నేను చీఫ్‌కు మెసేజ్ పెట్టాను. చెక్‌పోస్టులన్నీ అటు మారుస్తున్నారు.”

“ముక్క బయటికెలా వచ్చింది? సీలు?”

“సుకన్య. ఇంకెవరు? రింగ్‌కు అమ్మింది ఆవిడే. పాపం, చూడ్డానికి చానా మంచిదానిలా ఉంటుంది.”

మాట తీరు పల్నాడుదే. మాది గురజాల అని దారిలో చెప్పింది. అబద్ధం కాకపోవచ్చు.

నీళ్ల సీసా మూత తీయడానికి సౌందర్య కుడి చేతి గ్లవ్ విప్పింది. వేళ్ల కొసలు మైనంలా తెల్లగా ఉన్నాయి. వాటి మీద చిన్న బొబ్బలు.

“ఏమైంది వేళ్లకు?”

“మిర్చి. నాకు అస్సలు పడదు.” ఆమె నవ్వి గ్లవ్ వేసుకుంది.

గోపిక తన అరచేతులు చూసుకుంది. పొద్దున కాయలు ముట్టుకున్న చేతులు. ఎర్రగా కంది, సన్నగా మండుతున్నాయి. మిర్చి మంట ఎర్రగానే ఉంటుంది. ఊళ్లో అందరి చేతులూ ఆమె చూసింది, ఎవరికీ తెల్లబడలేదు.

అది మిర్చి కాల్చిన చెయ్యి కాదు. చలి కాల్చిన చెయ్యి.

గోపిక ముఖం మాత్రం ఎప్పటిలాగే, ఎవరికీ గుర్తుండని ముఖం.

“నువ్వు ఇక్కడే ఉండు,” అంది సౌందర్య కారెక్కుతూ. “పైనుంచి రోడ్లన్నీ కనపడతాయి. తెల్ల కంటైనర్ బండి ఏదైనా మాచర్ల వైపు పోతే చీఫ్‌కు చెప్పు. నేను వెనక తరుముతాను.”

కారు మలుపు తిరగ్గానే గోపిక ఫోన్ తీసింది. సిగ్నల్ దొరికేదాకా గోడ మీదికెక్కింది.

“సార్, సీలు కోడ్ సుకన్య గారికి కాక ఇంకెవరికి తెలుసు?”

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు.

“సార్!”

“సౌందర్యకు. నేనే చెప్పాను. కంటైనర్ మీద కన్నేసి ఉంచమని.”

“చెక్‌పోస్టులు?”

“మొత్తం మాచర్ల రోడ్డుకు మార్చేశాను. చిలకలూరిపేట హైవే ఖాళీ. గోపికా, మనవాళ్లు వెనక్కి రావడానికి టైం పడుతుంది.”

ఆమె కొండ దిగువకు పరుగెత్తింది. కింద రోడ్డు మీద క్వారీ నుంచి కంకర ఎత్తుకుని ఒక టిప్పర్ వస్తోంది. చెయ్యెత్తింది.

“ఎక్కు అక్కా,” అన్నాడు డ్రైవర్ కోటేశ్వర్. ఆమె రొప్పు చూసి అడిగాడు. “ఎవురన్నా తరుముతున్నారా?”

“లేదు తమ్ముడూ. నేనే తరుముతున్నా. ఎడ్లపాడు కోల్డ్ స్టోరేజీకి పోనియ్.”

“అట్నా! అయితే గట్టిగా పట్టుకో.”

టిప్పర్ ఊగుతుంటే ఆమె మనసులో ఒక్కో ముక్కా కలిసింది. చలి ఉన్న చోటల్లా పోలీసులు వెతికారు. మిర్చి గోడౌన్ వెతకలేదు, ఎందుకంటే ఆ చలికి మంచు నిలవదు. కానీ థర్మకోల్ పెట్టెలో మామూలు మంచు కన్నా ఎంతో చల్లగా ఉండే డ్రై ఐస్ నింపితే నిలుస్తుంది. పెట్టెను టిక్కీలో పెట్టి, చుట్టూ మిర్చి కుక్కితే వేల బస్తాల్లో అదొక బస్తా. డ్రై ఐస్ తరిగిపోతుంటే మళ్లీ మళ్లీ నింపాలి. నింపిన చేతికి బొబ్బలు. ఇప్పుడు సౌందర్య పోయింది బండి తేవడానికి.

అంత చల్లటి పెట్టె చుట్టూ చెమ్మ పడుతుంది. గోనె తడుస్తుంది.

తడి టిక్కీ.

బాలకోటయ్య అరచెయ్యి గుర్తొచ్చింది. చెమ్మ తగిలిన టిక్కీని అతను బయటికి లాగి ఎండబోస్తాడు.

“తమ్ముడూ, ఇంకా తొందరగా!”

*

కళ్లం దగ్గర హమాలీలు గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో కుట్లు విప్పిన ఒక టిక్కీ. కాయలు ఒకవైపు పోసి ఉన్నాయి. మూత తీసిన తెల్లటి థర్మకోల్ పెట్టె నుంచి పొగలు వస్తున్నాయి. గోపిక కళ్లజోడు పెట్టుకుంది. కళ్లం అంతా నిప్పులా ఎరుపు. ఆ ఎరుపులో ఒకే ఒక్క ముదురు నీలం గీత. దాని అంచులు అప్పుడే లేత రంగుకు తిరుగుతున్నాయి.

“ఎవుడో పుణ్యాత్ముడు టిక్కీలో ఐసు దాచాడే!” నాగులమ్మ మజ్జిగ కుండ దగ్గర నిలబడి కేకేస్తోంది. “పగలగొట్టు అన్నా. అందరికీ తలా ముక్క వెయ్యి. ఈ ఎండకి పానం పోతంది.”

బాలకోటయ్య కొక్కెం ఎత్తాడు. ఒక దెబ్బ అప్పటికే పడింది. కొస చిట్లి ఉంది. రెండో దెబ్బ సరిగ్గా నడుమున పడబోతోంది.

“మావయ్యా, ఆగు!”

బాలకోటయ్య చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆయన ఆగింది మాటకు కాదు, ఆ గొంతుకు.

“ఓసి నీ! దీనికి గొంతుందే!” అంది నాగులమ్మ.

గోపిక పరుగున వచ్చి పెట్టె మూత మూసింది. “ఇది తాగే ఐసు కాదత్తా. ప్రభుత్వానిది.”

“ప్రభుత్వానిదా? అయితే ఇంకా తొందరగా తాగాల. మళ్లీ ఇస్తారా ఏంది!”

“అంటార్కిటికా నుంచి వచ్చింది. ఇది కరిగితే ఒక మనిషి జైలుకు పోద్ది. సాయంత్రానికే.”

నాగులమ్మ ముఖంలో నవ్వు ఆగింది. “ఎవురే ఆ మనిషి?”

“దీన్ని తేవటానికి చలికి వేళ్లు కాల్చుకున్న మనిషి.”

అప్పుడే గేటులోంచి తెల్లటి కంటైనర్ బండి లోపలికొచ్చింది. ముందు సీట్లోంచి సౌందర్య దిగింది. చేతిలో చిన్న పిస్టల్.

“మంచి పని చేశావ్ గోపికా. మూత వేశావు. ఇప్పుడు పక్కకు జరుగు.”

హమాలీలు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. గోపిక పెట్టెకు అడ్డంగా నిలబడింది. ఇద్దరి మధ్యా ఎండబోసిన మిరపకాయలు.

“జరగను.”

“నీ ఇష్టం. చచ్చినా నీ ముఖం ఎవరికీ గుర్తుండదు.”

పిస్టల్ గురి తప్పకుండా సౌందర్య సూటిగా ముందుకు నడిచింది. చుట్టూ తిరిగి రావడానికి ఆమెకు తీరిక లేదు. ఎత్తు మడమలు కాయల మీద కరకరలాడాయి.

“ఏమే!”

నాగులమ్మ అరుపుకు రేకులు అదిరాయి.

“చెప్పులతో కాయల మీదకా! రైతు చెమటోడ్చిన పంట తొక్కుతావా? దిగు ముందు!”

ఆ క్షణంలో షెడ్డులోని ఏ ఆడమనిషికీ పిస్టల్ కనపడలేదు. చెప్పులు మాత్రమే కనపడ్డాయి. అందరూ ఒక్కసారే లేచి కళ్లం మీదికి వచ్చారు, ఉత్త కాళ్లతో. సౌందర్య అదిరిపడి అటు తిరిగింది. ఎండుకాయల మీద మడమ జారింది. రెండు చేతులూ మిర్చిలో ఆనించి బోర్లా పడింది. గింజలు, పొడి గుప్పున లేచాయి. నల్లద్దాలు ఒకవైపు, పిస్టల్ ఒకవైపు పడ్డాయి. దుమ్ముకు కళ్లు మండి, ఆ చేతులతోనే కళ్లు నులుముకుంది.

ఆమె పెట్టిన కేక హైవే దాకా వినపడి ఉంటుంది.

గోపిక పిస్టల్ అందుకుంది. బండి డ్రైవర్ కిందికి చూసి, తన తలుపు చుట్టూ కొక్కేలతో నిలబడిన హమాలీలను లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలోనే చేతులెత్తేశాడు.

“మావయ్యా, పెట్టె ఆ బండిలోకి ఎక్కించండి. తొందరగా!”

“దొంగల బండిలోనా?”

“దాంట్లోనే అసలైన చలుంది.”

*

ఎండ వాలేవేళకు సుకన్యను ఎక్కించుకుని పుల్లారావు జీపు వచ్చింది. మిరపపొడి కడుక్కోవడానికి పది బిందెల నీళ్లు పట్టిన సౌందర్యను ఆయన మనుషులు తీసుకెళ్లారు. ఆరోరా మొత్తం పేర్లు చెప్తాను, ముందు ఇంకో బిందె పొయ్యమని ఆమే బతిమాలిందట.

సుకన్య కోటు తొడుక్కుని కంటైనర్‌లోకి ఎక్కింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు కనురెప్పల మీద మంచు పొడి ఉంది.

“బుడగలన్నీ భద్రం,” అంది. పుల్లారావు ఏదో చెప్పబోయాడు. “మీరు ముందు కళ్లు చూపించుకోండి సార్,” అందామె. ఆయన తలవంచుకుని ఢిల్లీకి ఫోన్ చేయడానికి పక్కకు వెళ్లాడు. అరెస్టు వారెంటు అవసరం లేదని రెండుసార్లు గట్టిగా చెప్పడం అందరికీ వినపడింది.

“ఒక కొసన చిన్న ముక్క మాత్రం లేదమ్మా,” అంది సుకన్య గోపికతో.

గోపిక బాలకోటయ్య వైపు చూసింది. ఆయన మెల్లగా దగ్గరకొచ్చాడు.

“నేనే అమ్మాయ్. మొదటి దెబ్బకి ఊడిందాన్ని గ్లాసులో ఏసుకున్నా. మజ్జిగలో పడంగానే టపటపా పేలింది. లోపలుండే గాలి బయటికొచ్చిందేమో, మూతి మీద కొట్టింది. ఎనిమిది లక్షల ఏళ్ల గాలంటున్నారు. లోపలికి పీల్చేశా కూడా.” ఆయన గొంతు తగ్గించాడు. “నాకేమన్నా అవుద్దా?”

సుకన్య నవ్వింది. ఆ రోజు మొదటిసారి.

“భయం లేదు పెద్దాయనా. అది మనలాంటి మనుషులు పుట్టకముందటి గాలి. పొగ లేదు, దుమ్ము లేదు. పుట్టి బుద్ధెరిగాక మీరు పీల్చిన వాటిలో అంత శుభ్రమైన గాలి ఇంకోటి ఉండదు.”

బాలకోటయ్య కుదుటపడి గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. తర్వాత కంటైనర్ నీడలో తీరిగ్గా చతికిలబడి బీడీ వెలిగించాడు.